ఎదురుగాలికి ఆరే చెమట

ఏప్రిల్‌లో భీమిలి రోడ్డు మీద సైకిలు తొక్కుతుంటే ఒక సంగతి నన్ను చాలాకాలం వేధించింది. పొద్దున్నే విశాఖ ఆర్‌కే బీచ్ దగ్గర బయలుదేరి భీమిలి వైపు వెళ్తుంటే కాళ్ళకు శ్రమే తెలియదు. సైకిలు దానంతటదే పరిగెడుతున్నట్టు ఉంటుంది. కానీ రుషికొండ చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, చెమట కళ్ళలోకి దిగి మండుతుంది. అదే తిరిగి వచ్చేటప్పుడు ఎండ ఎక్కి ఉంటుంది, కాళ్ళు అలసి ఉంటాయి, గాలి మొహాన కొడుతూ ముందుకు పోనివ్వదు. అయినా దారిలోనే చొక్కా ఆరిపోతుంది, ఒళ్ళు తేలికపడుతుంది. తక్కువ కష్టపడినప్పుడు ఎక్కువ ఉక్క, ఎక్కువ కష్టపడినప్పుడు తక్కువ ఉక్క. ఇదెలా?

జవాబు ఒకరోజు మంగమారిపేట దాటాక దొరికింది. రోడ్డు పక్కన తాటి ముంజలు కనిపిస్తే సైకిలు ఆపి దిగాను. దిగిన మరుక్షణం వీపుకి చల్లగా గాలి తగిలింది. అప్పటిదాకా ఆకు కదలనట్టుగా ఉన్న చోట ఇంత గాలి ఎక్కడినుంచి వచ్చిందా అని చుట్టూ చూశాను. ముంజలమ్మే ఆవిడ నా చొక్కా చూసి, "గాలాడతంది బాబూ, కాసేపు కూకో" అంది. గాలి కొత్తగా రాలేదు. రుషికొండ నుంచీ, అంతకు ముందు నుంచీ నా వెనకాలే, దాదాపు నా వేగంతోనే వస్తోంది. ఇద్దరం కలిసి ప్రయాణిస్తున్నాం కాబట్టి అది నాకు తగల్లేదు, అంతే.

ఈ గాలికీ ఈ తీరానికీ ఉన్న సంబంధం తెలిస్తే దారి మొత్తం అర్థమవుతుంది. మ్యాపులో చూడండి, విశాఖ తీరం తిన్నగా ఉత్తర దక్షిణాలుగా ఉండదు. నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఎండాకాలం మొదట్లో ఇక్కడ ఎక్కువగా వీచేది కూడా నైరుతి గాలే. అంటే గాలి తీరం వెంబడే నడుస్తుంది. ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి దాకా సుమారు పాతిక కిలోమీటర్లు అది మన వెనకాల ఉంటుంది, తిరుగు ప్రయాణంలో అదే పాతిక కిలోమీటర్లు ఎదురుగా ఉంటుంది.

ఈ గాలి సైకిళ్ళనే కాదు, సముద్రాన్నీ కదుపుతుంది. ఉత్తరార్ధగోళంలో భూభ్రమణం వల్ల, గాలి ఎటు వీస్తే పైపొర నీరు మొత్తం మీద దానికి కుడివైపుకి జరుగుతుంది. మన దగ్గర నైరుతి గాలికి కుడివైపు అంటే ఆగ్నేయం, లోపలి సముద్రం. ఒడ్డు దగ్గరి వెచ్చటి నీరు అలా లోపలికి వెళ్ళిపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ మన తీరంలో దీన్ని కొలిచి, 1954లో విశ్వవిద్యాలయ ప్రచురణలోనే వివరించాడు. నగరంలో పుట్టి పెరిగినవాళ్ళకే ఈ సంగతి పెద్దగా తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మన బీచ్ ముందే జరిగే ఇంత పెద్ద పని, బడి పుస్తకంలో పెరూ దేశపు ఉదాహరణగా చదువుకుంటాం.

ఇక ఒంటి సంగతికి వద్దాం. మనిషి కండరం తిన్న తిండిలోని శక్తిలో నాలుగో వంతు, లేదా అంతకన్నా తక్కువ, పనిగా మార్చగలదు. మిగిలినదంతా వేడే. పెడల్ మీద 100 వాట్ల పని జరుగుతోందంటే, లోపల 300 నుంచి 400 వాట్ల వేడి పుడుతోందన్నమాట. ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే 70 కిలోల మనిషి ఒళ్ళు పది పన్నెండు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. గంట తిరక్కుండానే ప్రాణం మీదికి వస్తుంది. అలా జరగడం లేదంటే అది చెమట చలవే.

చెమట గురించి మనలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. చెమట పడితే ఒళ్ళు చల్లబడుతుంది అంటాం. పడితే చల్లబడదు, ఆరితే చల్లబడుతుంది. ఒంటి మీద ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. గంటసేపు 400 వాట్ల వేడిని వదిలించుకోవడానికి 600 మిల్లీలీటర్ల చెమట ఆరితే చాలు. గడ్డం నుంచి హ్యాండిల్ మీదికి రాలిపడిన బొట్టు మాత్రం ఒంట్లోని నీటినీ ఉప్పునీ తీసుకుపోతుందే తప్ప, దాదాపు ఏ వేడినీ తీసుకుపోదు. విశాఖలో సైకిలు తొక్కేవాళ్ళ బాధంతా ఈ రాలిపోయే చెమటతోనే.

ఎందుకు రాలిపోతుందో చిన్న లెక్కలో చూడొచ్చు. 35 డిగ్రీల దగ్గర తడిగా ఉన్న చర్మానికి ఆనుకున్న గాలిలో ఘనపు మీటరుకు 40 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. చుట్టూ ఉన్న గాలిలో ఎంత తక్కువ ఆవిరి ఉంటే చెమట అంత తొందరగా ఆరుతుంది. విశాఖలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న ఉదయం గాలిలో అప్పటికే 24 గ్రాములు ఉంటుంది. తేడా 16 గ్రాములు. పల్నాడులో రెంటచింతల లాంటి చోట 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అనుకోండి, గాలిలో ఉన్నది 10 గ్రాములే. తేడా 30. అందుకే అక్కడివాళ్ళు ఇక్కడికొచ్చి "ఎండ ఏమీ లేదు కానీ ఈ ఉక్కేంటండీ బాబూ" అంటారు. అలాగని అక్కడి మధ్యాహ్నం తొక్కడం మేలని కాదు. ఆ వేడిలో గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది, ఎండ మాడుస్తుంది. కానీ విశాఖ వేడిని థర్మామీటరు ఒక్కదానితో కొలవకూడదన్నది నిజం.

తేమ శాతం తెల్లవారుజామున అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది కదా, అప్పుడు తొక్కడం మంచిదేనా అని కొందరు అడుగుతారు. మంచిదే. 26 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ అంటే 22 గ్రాములే. సముద్రం పక్కన రోజంతా గాలిలోని అసలు నీరు పెద్దగా మారదు, ఉష్ణోగ్రతను బట్టి శాతం మారుతుంది. పైగా తెల్లవారుజామున ఎండ ఉండదు. మన ఊరు 83 డిగ్రీల రేఖాంశం దాటి ఉంది, భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖకు దగ్గర. అందుకే ఏప్రిల్ నెలాఖరులో 5.30కే సూర్యుడు వచ్చేస్తాడు. మే 10 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడ ఉండదు. అంటే చల్లటి సమయం మనం అనుకునే దానికన్నా ముందే అయిపోతుంది. ఆరు గంటలకు బయలుదేరడమంటే అరగంట ఆలస్యంగా బయలుదేరడమే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. నైరుతి గాలి గంటకు 15 కిలోమీటర్లు వీస్తోంది, నేను భీమిలి వైపు 24 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాను. నా ఒంటికి తగిలే గాలి 9 మాత్రమే. తిరుగుదారిలో కష్టపడి 14 తొక్కుతాను, తగిలే గాలి 29. మూడింతలకు పైనే. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది పదింతలవుతుంది, అందుకే కాళ్ళు పీకుతాయి. చెమట ఆరే వేగం అంతగా పెరగదు, సుమారు రెట్టింపు అవుతుంది. కష్టం ఎక్కువై వేడి కొంత పెరిగినా, ఆ రెట్టింపు దాన్ని మించిపోతుంది. చొక్కా ఆరడానికి కారణం అదే.

అన్నిటికన్నా ప్రమాదం ఈ రెంటికీ మధ్య ఉంది. వెళ్ళేటప్పుడు రుషికొండ దగ్గర రోడ్డు ఎత్తెక్కుతుంది. వేగం 24 నుంచి 15కి పడిపోతుంది. వెనక గాలి కూడా 15. తగిలే గాలి సున్నా. ఒంట్లో ఎక్కువ వేడి పుడుతున్న క్షణంలోనే గాలి మాయమవుతుంది. బయట చెట్ల కొమ్మలు ఊగుతున్నా, సైకిలు మీద ఉన్న మనిషి మూత పెట్టిన గదిలో ఉన్నట్టే. ఒకసారి ఇక్కడే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఎత్తు ఎక్కేశాక ఆగుదామనుకున్నాను. చెయ్యాల్సింది అక్కడే దిగి, గాలికి ఎదురుగా తిరిగి నిలబడడం.

తొట్లకొండ లాంటి కొండ ఎక్కేటప్పుడూ ఇంతే. కొండ చాటుకి వెళ్తే గాలి ఉండదు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు, 120 మీటర్ల ఎత్తు ఎక్కామంటే కాళ్ళు చేసిన పని 100 కిలోజౌళ్ళు. దానికి ఒంట్లో పుట్టిన వేడి 300. అది పోవాలంటే 125 మిల్లీలీటర్ల చెమట ఆరాలి, ఒక టీ గ్లాసు కన్నా ఎక్కువ. పావుగంటలో ఎక్కితే గాలి లేని చోట అంత ఆరదు, సగం కారిపోతుంది. పైకి చేరాక మాత్రం సముద్రం మీది గాలి తిన్నగా తగులుతుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఈ కొండకు ఆ పేరు వచ్చింది. రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ భిక్షువులు ఎండాకాలాన్ని ఈ గాలితో, ఆ తొట్లలో దాచుకున్న వాననీటితో గడిపి ఉంటారని అక్కడ నిలబడిన ప్రతిసారీ అనిపిస్తుంది. దిగేటప్పుడు ఆ 100 కిలోజౌళ్ళూ తిరిగి వస్తాయి. నెమ్మదిగా దిగితే చాలావరకు బ్రేకులే తాగుతాయి. మూడు టీ గ్లాసుల నీళ్ళు మరిగించేంత వేడి అది, దిగగానే బ్రేకు డిస్కు ముట్టుకోకండి. మట్టి దారుల్లో గరప నేల మీద గుల్లరాళ్ళు చక్రం కింద జారతాయి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టుకోవడం మంచిది కాదు.

కంబాలకొండ వైపు చెట్ల నీడలో లెక్క మారుతుంది. నీడ వల్ల ఎండ వేడి తగ్గుతుంది, కానీ చెట్లు గాలిని ఆపుతాయి. మెల్లగా తొక్కేవాళ్ళకు నీడే లాభం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంలోనూ ఆ అడవిలోనూ ఎన్ని చెట్లను పడగొట్టిందో చూసినవాళ్ళకు నీడ విలువ వేరే చెప్పక్కర్లేదు. లోపల ఎక్కడిదాకా సైకిలు వెళ్ళనిస్తారో గేటు దగ్గర అడిగి వెళ్ళండి. ఎర్రమట్టి దిబ్బల లోపలికి మాత్రం సైకిలు తీసుకెళ్ళొద్దు. ఐరన్ ఆక్సైడ్ పూతతో ఎర్రబడిన ఆ ఇసుక వేల ఏళ్ళలో పేరుకున్నది, టైరు చేసిన గాడి వెంట వాననీరు పారితే దిబ్బే కోసుకుపోతుంది. రోడ్డు మీద ఆపి నడిచి చూస్తే చాలు.

రాలిపోయిన చెమటతో ఉప్పు పోతుంది. లీటరు చెమటలో అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా సోడియం ఉంటుంది, మనిషిని బట్టి మారుతుంది. రెండు మూడు గంటలు తొక్కుతూ ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి, మరీ ఎక్కువైతే ప్రమాదం. కొబ్బరి నీళ్ళు మంచివే, కానీ వాటిలో ఎక్కువగా ఉండేది పొటాషియం, సోడియం తక్కువ. నా ఓటు మజ్జిగ కలిపి ఉప్పేసిన చోడి (రాగి) అంబలికే. పిండిపదార్థం, ఉప్పు, నీరు మూడూ ఉంటాయి. పేగుల్లో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. ఎంత తాగాలో తెలియాలంటే వెళ్ళే ముందూ వచ్చాకా బరువు చూసుకోండి, కిలో తగ్గితే లీటరు బాకీ.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలకు ఒళ్ళు సిద్ధపడేది ఉగాది తరవాతి ఈ రోజుల్లోనే. రోజూ కాసేపు వేడిలో శ్రమిస్తే వారం నుంచి రెండు వారాల్లో రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే శ్రమకు గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. మొదటి వారం అరగంట, ముప్పావుగంట చాలు. బీపీకో గుండెకో మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడిగి మొదలుపెట్టాలి. తోటివాళ్ళెవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, ఒంటి నిండా నీళ్ళు చల్లి, ఆపకుండా విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. అక్కడా చేస్తున్నది ఒంటి మీద తడిని ఆరబెట్టడమే.

భీమిలి నుంచి తిరిగొచ్చిన ఉదయం చొక్కా విప్పి చూడండి. బ్యాగు తగిలించుకున్న వీపు మేర ఇంకా తడిగా, బరువుగా ఉంటుంది. ఎదురుగాలి తగిలిన ఛాతీ మీద బట్ట పొడిగా ఉండి, తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. నేను ఇప్పుడు బ్యాగు వేసుకోవడం మానేసి, నీళ్ళ సీసా ఫ్రేముకే బిగిస్తున్నాను.