చర్చి బీరువాలో పుస్తకాలు: ఆదరువు లేని పని వెనుక చరిత్ర

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాత క్రైస్తవ సంఘాల్లో గ్రంథాలయం ఉంటే, దాన్ని చూసుకునేది సాధారణంగా ఒక్క మనిషే. సండే స్కూలు టీచరో, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడో, స్త్రీల సమాజంలో చదువు మీద మక్కువ ఉన్న ఒక పెద్దావిడో ఆ పని నెత్తిన వేసుకుంటారు. పుస్తకాలకు నంబర్లు ఎలా వేయాలి, చెదలు ముట్టిన కీర్తనల పుస్తకాన్ని ఎలా కాపాడాలి, కొత్తవి కొనడానికి డబ్బు ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు వస్తే వెళ్లి అడగడానికి ఒక చోటంటూ లేదు. ఇది నిన్న మొన్నటి కొరత కాదు. ఈ ప్రాంతంలో పుస్తకం సంఘంలోకి ఎలా వచ్చిందో చూస్తే కారణం తెలుస్తుంది.

శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చి అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టారు. ఆ కాలానికి అమెరికాలో ఆదివారపు బడికి ఒక పుస్తకాల పెట్టె ఉండడం మామూలు. 1824లో ఫిలడెల్ఫియాలో ఏర్పడిన సండే స్కూల్ యూనియన్ చిన్న పుస్తకాలను కట్టలు కట్టి చౌకగా అమ్మేది. వేరే గ్రంథాలయం లేని ఊళ్లకు అదే దిక్కు. ఆ వాతావరణంలో పెరిగినవారే ఇక్కడికి వచ్చారు. అయితే అక్కడ చదవగలిగిన జనం ముందే ఉన్నారు, ఇక్కడ లేరు.

1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. ఆ తరువాత 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు, బడి గడప తొక్కనివ్వని కులం వారు. వారి చేతికి పుస్తకం ఇస్తే చాలదు, చదివి వినిపించే మనిషి కావాలి. అందుకే ఊరి ఉపదేశకుడే బడి పంతులయ్యాడు. అతని దగ్గరున్న బైబిలు, పాటల పుస్తకం, సువార్త కరపత్రాలు, ఇవే ఆ పల్లె గ్రంథాలయం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలను చదవలేనివారు కూడా నోటికి నేర్చుకున్నారు. ఈ దశను తక్కువ చేసి చూడకూడదు. పుస్తకం చూడని ఇళ్లలో తరువాతి తరం పిల్లలు ఉపాధ్యాయులు, నర్సులు అయ్యారంటే దాని వెనుక ఆ ఉపదేశకుల శ్రమ ఉంది.

ఆ ఉపదేశకులను తయారు చేసింది 1870లలో రామాయపట్నంలో మొదలైన క్రైస్తవ వేదాంత పాఠశాల. ఇప్పుడు ఓడరేవు పేరుతో వినపడుతున్న ఊరు అదే. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం అనే సంస్థ నెల్లూరు కేంద్రంగా ఏర్పడి, నిర్వహణ తెలుగువారి చేతికి వచ్చింది. 1964లో వివిధ సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీని పెట్టుకున్నాయి, తరువాత అది హైదరాబాదుకు మారింది. పై చదువులకు ఇది మేలు చేసింది. కానీ పుస్తకాల సేకరణ, జాబితాలు, శిక్షణ పొందిన గ్రంథపాలకులు కాలేజీ వెంట నగరానికి చేరారు. సంఘంలో బీరువా మాత్రం మిగిలింది.

మిషన్ కాక, పుస్తకం జనంలోకి వచ్చిన రెండో దారి గ్రంథాలయోద్యమం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం వెలిసింది. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చి, ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసే సెస్సుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తున్నాయి. చర్చి గ్రంథాలయం ఈ చట్రంలోకి రాదు. వేదాంత కళాశాలల చట్రంలోకీ రాదు. రెండు వ్యవస్థలూ తమ తమ పని చేశాయి, మధ్యలో ఉన్నదాన్ని ఎవరూ తమదనుకోలేదు. అమెరికాలో 1967లో చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాల గ్రంథాలయాల కోసం ఒక సంఘమే ఏర్పడి, శిక్షణ లేని స్వచ్ఛంద కార్యకర్తల కోసం చిన్న మార్గదర్శకాలు వేసింది. తెలుగులో మనకు కావలసింది అలాంటిదే.

అది వచ్చే వరకు చేతిలో ఉన్నదానితో చాలా చేయవచ్చు. పుస్తకాలను విషయం వారీగా అంకెలతో విడదీసే డ్యూయీ వర్గీకరణలో 220 బైబిలుకు, 266 మిషన్ పనికి, 270 సంఘ చరిత్రకు. ఈ మూడింటితో మొదలుపెడితే సగం పుస్తకాలకు చోటు దొరుకుతుంది. న్యూజిలాండులో పుట్టిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ మూడు వందల పుస్తకాలకు ఒక మంచి అక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసుకునే పుస్తకం) చాలు. చిరిగిన పేజీలకు సెల్లోటేపు వేయకూడదు, కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి కాగితాన్నే తినేస్తుంది. బీరువాను గోడకు ఆనించకూడదు. 2021 నవంబరులో పెన్నా వరదను చూసినవారికి కింది అరలో పాత పుస్తకాలు పెట్టవద్దని చెప్పనక్కర లేదు.

సంఘ చరిత్ర వెతికేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో, తరువాత గుంటూరులో, 1970 నుంచి ఇప్పుడు ప్రకాశం అంటున్న జిల్లాలో ఉంది. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి విడిపోయి 2022లో మళ్లీ అక్కడికే చేరింది. కాబట్టి ఒక్క జిల్లా కాగితాలే వెతికితే సగం చరిత్ర చేజారుతుంది. బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌లో భారతీయ సంఘాల పాత పత్రాలు ఉన్నాయి.

రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే మన చట్టం ప్రకారం ఆ రచన మీద హక్కులు తీరిపోతాయి. కాబట్టి పాత కీర్తనల పుస్తకాలను ఫోనుతో ఫొటో తీసి పక్క సంఘానికి పంపడానికి చాలాసార్లు అడ్డేమీ ఉండదు. బాప్తిస్మం, వివాహాల రిజిస్టర్ల సంగతి వేరు. వాటిలో జీవించి ఉన్నవారి వివరాలుంటాయి కనుక గ్రంథాలయం అరల్లో కాకుండా సంఘ కాపరి దగ్గర తాళం కింద ఉండాలి.