పేరులో ఒక హెచ్: శుభలేఖల మీదకి అంకెలు ఎలా ఎక్కాయి

కావలిలో ఒక డీటీపీ షాపులో ఆరు వందల శుభలేఖలు అచ్చయి, పంచకుండా కట్టలు కట్టి ఉన్నాయి. న్యూమరాలజీ (సంఖ్యాశాస్త్రం) లెక్క కుదరడం లేదు, పెళ్లికూతురి పేరులో ఇంగ్లిషు హెచ్ అక్షరం తీసేయాలని మగపెళ్లివారు. తీయడానికి వీల్లేదని అమ్మాయి. మళ్లీ అచ్చు వేస్తే ఆ డబ్బు ఎవరిస్తారని షాపాయన. ముహూర్తాలు మొదలైన ప్రతిసారీ నెల్లూరులోనో ఒంగోలులోనో ఇలాంటి గొడవ ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. ఈసారి కార్డు ఫొటో వాట్సాప్ గ్రూపులకెక్కింది కాబట్టి నలుగురూ మాట్లాడుతున్నారు.

అసలు పేర్లు రాయను. లెక్క తెలియడానికి అమ్మాయిని లత అని, అబ్బాయిని సురేశ్ అని అనుకుందాం. మన దగ్గర ఎక్కువమంది చూసే 'కాల్డియన్' పద్ధతిలో ఎల్‌కి 3, ఏకి 1, టీకి 4, హెచ్‌కి 5. టీ తర్వాత హెచ్ పెట్టి లత అని రాస్తే మొత్తం 14, ఆ 1నీ 4నీ కూడితే 5. హెచ్ తీసేస్తే 9. అబ్బాయి పేరు ఇంగ్లిషులో కూడితే 24, అంటే 6. ఈ పద్ధతిలో 3, 6, 9 ఒకదానికొకటి చుట్టాలు. 5కి ఆ చుట్టరికం లేదు. అందుకని హెచ్ పోవాలి. పుట్టిన తేదీని ఎవరూ మార్చలేరు, పేరును మార్చవచ్చు కాబట్టి బరువంతా పేరు మీదే పడుతుంది.

త అనే అక్షరాన్ని మనం టీ-హెచ్ అని రాస్తాం, ఉత్తరాదివాళ్లు చాలామంది ఒక్క టీతో సరిపెడతారు. అంటే అదే లత ఇక్కడ పుడితే 5, అక్కడ పుడితే 9. ఒక సంబంధం కుదరడం, కుదరకపోవడం ఈ అలవాటు మీద ఆధారపడింది.

పైథాగరస్ దగ్గర నుంచి మొదలుపెట్టే చరిత్ర అందరూ చెప్పేదే, దాన్ని వదిలేస్తున్నాను. ఇప్పుడు మన పెళ్లిళ్లలో నడుస్తున్న లెక్క కీరో పేరుతో ప్రసిద్ధుడైన ఐర్లండ్ వాడు విలియం జాన్ వార్నర్ (1866-1936) పుస్తకాల ద్వారా పాకింది. ఏ అంకెవాళ్లకి ఏ అంకెవాళ్లు కలుస్తారు, ఏ రంగు కలిసొస్తుంది అని ఆయన వరసగా రాసిపెట్టాడు. ఆ లెక్కంతా ఇంగ్లిషు అక్షరాల మీద కట్టిందే.

"మన పెద్దలూ లెక్కలు చూసే పెళ్లి చేశారు కదా" అని మగపెళ్లివారి తరఫున ఒక పెద్దాయన అన్నారు. నిజమే. జాతకాల పొంతనలో వర్ణకూటానికి 1 నుంచి నాడీకూటానికి 8 దాకా ఎనిమిది కూటాలు, మొత్తం 36 గుణాలు, అందులో సగమైనా కలవాలని చూసేవాళ్లు. కానీ అది జన్మనక్షత్రం మీద నడిచే లెక్క. పేరును ఎలా రాసినా నక్షత్రం కదలదు. ఆ పట్టింపులు ఎందరి సంబంధాలు చెడగొట్టాయో నాకు తెలుసు, దాన్ని సమర్థించడం లేదు. అయితే అందులో అమ్మాయి పేరులోంచి అక్షరం పీకమని ఎవరూ అడగలేదు.

అక్షరాలకి అంకెలివ్వడం కూడా మనకు పాతదే, దాన్ని కటపయాది అంటారు. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది బాగా తెలుసు. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2. తిరగేసి చదివితే 29. మేళకర్తల్లో, అంటే మూల రాగాల పట్టీలో, ఆ రాగం నంబరు అదే. మేచకల్యాణి అంటే 65. ఈ లెక్కలో ల 3, త 6, కాబట్టి లత ఎప్పటికీ 63. నోటితో పలికినదే లెక్క కాబట్టి ఎక్కువ తక్కువలు చేయడానికి అందులో సందు లేదు. పైగా దాని పని నంబరు గుర్తుండేలా చేయడం, అంతకుమించి జాతకం చెప్పడం కాదు.

అందుకే అసలు మలుపు శాస్త్రం దగ్గర కాదు, ప్రెస్సులో వచ్చిందని నా నమ్మకం. ట్రెడిల్ మిషన్ రోజుల్లో శుభలేఖంటే తెలుగే. కంపోజిటరు కేసులోంచి ఒక్కో టైపూ ఏరి పేర్చేవాడు. పైన వినాయకుడి బ్లాకు, పక్కన కలశమో సన్నాయి మేళమో. 'చి.ల.సౌ.' తర్వాత లత అని రెండక్షరాలు. ప్రూఫు ఒకసారి చూసేవాళ్లు, తప్పుంటే దిద్దేవాళ్లు, అంతే. ఆ 'లత'కి ఇంకో అక్షరం చేర్చమన్నా ఎక్కడ చేరుస్తారు?

1990ల్లో కంప్యూటర్లు వచ్చాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకున్న కుర్రాళ్లు ఊరూరా షాపులు పెట్టారు. శివకాశి నుంచి ఖాళీ కార్డులు తెచ్చి పేర్లు మాత్రం ఇక్కడ వేసి ఇవ్వడం సులువైంది. పిల్లలు ఇంగ్లిషు మీడియంలో చదివారు, బంధువులు అమెరికా వెళ్లారు, కార్డులో ఒక వైపు ఇంగ్లిషు వచ్చింది. ఒక్క మీట నొక్కితే అక్షరం చేరుతుంది, ఇంకోటి నొక్కితే పోతుంది. ఖర్చు లేని మార్పు అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. అంకెలు ఆ సందులోంచే ఇళ్లలోకి వచ్చాయి.

అక్షరాల వెనకే రంగులూ వచ్చాయి. కీరో పట్టీలో 6కి నీలం, 9కి ఎరుపు, 8కి నలుపు, ముదురు నీలం. కావలి కార్డుకి నీలం అంచు అలా వచ్చిందే. షాపాయన మొదట గీసింది పసుపు అంచు, ఎర్రటి మామిడి తోరణం. రంగు మార్చమంటే మారు మాట్లాడకుండా మార్చాడు. ఒకసారి 8 వచ్చిన పెళ్లికొడుకు కోసం నల్ల కార్డు అడిగారట. నాలుగు మూలలా పసుపు రాసే కార్డు నల్లగా ఎలా చేయనని ఆయన ఇప్పటికీ బాధపడతాడు. నేను ఈ గొడవలో ఆయన మాటే ఎక్కువసేపు విన్నాను. ఇరవై ఏళ్లు బ్రష్షుతో బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. ఆటో వెనక 786 రాసినా, సంక్రాంతికి రథం ముగ్గు వేసినా అంకెని ముందు బొమ్మగా చూస్తాడు. 15 చుక్కలు 8 వచ్చేదాకా సందు చుక్కలు పెట్టమంటే అక్కడ అంకె చేతికి దారి చూపిస్తుంది. కార్డులో అంకె తన చేతిని పట్టుకుని ఆపేస్తోందని ఆయన బాధ.

ఆ తేడా పెద్ద చిత్రకారుల దగ్గరా కనిపిస్తుంది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చెక్కిన ఒక ప్రసిద్ధ చిత్రంలో వరసకి నాలుగు గళ్లు, నాలుగు వరసలు ఉన్న అంకెల చదరం ఉంది. ఎటు కూడినా 34, అడుగు వరసలో 15, 14 పక్కపక్కనే ఉండి సంవత్సరం చెబుతాయి. ఖజురహో పార్శ్వనాథ ఆలయంలో చెక్కిన చదరంలోనూ మొత్తం 34. మనకు దగ్గర్లోని మద్రాసులో కె.సి.ఎస్. పణికర్ 1963 నుంచి జాతకచక్రాలు, అంకెలు, లిపిలాంటి గీతలతో 'వర్డ్స్ అండ్ సింబల్స్' చిత్రాలు వేశారు. 1966లో చోళమండలం కళాకారుల గ్రామం మొదలైంది కూడా ఆయన చొరవతోనే. ఆ చిత్రాల్లో అంకెలు గీతలుగా, రంగులుగా నిలబడతాయి. ఫలానా అమ్మాయి ఫలానా ఇంటికి తగదని చెప్పవు.

ఇక మగపెళ్లివారి మాట. వాళ్లింట్లో ఇంతకుముందు ఒక సంబంధం నిశ్చయం దాకా వచ్చి ఆగిపోయింది. అబ్బాయి తల్లికి టెన్షన్ ఉండటం సహజం. ఒక అక్షరమే కదా, కార్డులోనే కదా అంటున్నారు.

కార్డుతో పోదు. మన రాష్ట్రంలో 2002 చట్టంతో పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. దరఖాస్తుతో పాటు శుభలేఖ జత చేయమంటారు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో అమ్మాయి పేరు హెచ్‌తోనే ఉంది. రేపు వీసాకి వెళ్తే రెండు స్పెల్లింగులకి సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆమే, సురేశ్ కాదు. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పింది, షాపులోనూ చెప్పింది. "అన్నా, నా పేరు నేను రాసుకున్నట్టే ఉండనీ" అని వెళ్లిపోయింది.

షాపాయన మధ్యేమార్గం చూశాడు. ఇంగ్లిషు వైపు తీసేసి, రెండు వైపులా తెలుగులోనే వేస్తానన్నాడు. ఆడపెళ్లివారు సరేనన్నారు. మగపెళ్లివారు ఫ్లెక్సీ సంగతి తేల్చుకుని చెబుతామన్నారు. నేను చూసిన ప్రూఫులో ఇంగ్లిషు వైపు హెచ్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. తెలుగు వైపు ఒక్క దిద్దుబాటూ లేదు.