పక్షుల రెట్ట నుంచి పగడాల దాకా

పసిఫిక్ మధ్యలో అమెరికా దీవుల చుట్టూ ఉన్న సముద్ర రక్షిత ప్రాంతంలో (పేరు పసిఫిక్ ఐలాండ్స్ హెరిటేజ్) చేపల వేటకి ట్రంప్ తలుపు తీయడం మీద అమెరికాలో ఇంత గొడవ ఎందుకో తెలియాలంటే ముందు పక్షుల రెట్ట దగ్గరికి వెళ్ళాలి. జోక్ కాదు. రెట్ట ఎరువుకి అప్పట్లో ఎంత గిరాకీ అంటే, ఎవరికీ చెందని దీవిలో అది దొరికితే అమెరికా పౌరుడు దాన్ని తన దేశం పేరు మీద పెట్టించొచ్చని 1856లో ఏకంగా చట్టమే చేశారు. బేకర్, హౌలాండ్, జార్విస్ లాంటి దీవులు అలా చేతికొచ్చాయి. రెట్ట అయిపోయాక అందరూ వాటిని మర్చిపోయారు.

1935లో, దారిలో దిగడానికి చోటు కావాల్సిన విమానాల పుణ్యమా అని మళ్ళీ గుర్తొచ్చాయి. దీవులు మావే అని చూపించుకోవడానికి హవాయి కుర్రాళ్ళని విడతలవారీగా అక్కడ దింపారు, మొత్తం 130 మందికి పైనే. 1941 డిసెంబరులో హౌలాండ్ మీద జపాన్ బాంబులు వేస్తే వాళ్ళలో ఇద్దరు పోయారు.

1983లో అధ్యక్షుడు రీగన్ తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ప్రత్యేక ఆర్థిక మండలం (చేపలు, ఖనిజాల మీద ఆ దేశానికే హక్కుండే సముద్రం) ప్రకటించడంతో, నడిచి చుట్టి రాగలిగేంత దీవికి కూడా ఓ పెద్ద సముద్రం రాసిచ్చినట్టయింది. అందులో 50 మైళ్ళ మేర 2009లో బుష్ రక్షణ కిందికి తెచ్చాడు. 2014లో ఒబామా జాన్‌స్టన్, వేక్, జార్విస్ దీవుల చుట్టూ దాన్ని 200 మైళ్ళకి పెంచాడు. మొత్తం దాదాపు 12.7 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇద్దరూ వాడింది 1906 నాటి పురావస్తు చట్టమే. పాత శిథిలాల్ని దోపిడీ నుంచి కాపాడటానికి పుట్టిన చట్టం అది, కాంగ్రెస్‌తో (అంటే అమెరికా పార్లమెంటుతో) పనిలేకుండా అధ్యక్షుడి సంతకం చాలు. చిక్కూ అక్కడే ఉంది, తర్వాత వచ్చేవాడి చేతిలోనూ పెన్ను ఉంటుంది కదా.

ఇంతకీ అడుగున ఏముంది? నీళ్ళలో మునిగిన కొండలు, వాటి రాళ్ళ మీద కోబాల్ట్ అనే లోహం ఉన్న నల్లటి పొర. ఆ పొర కొన్ని మిల్లీమీటర్లు పేరుకోవడానికి పది లక్షల ఏళ్ళు పడుతుంది. అలాంటి రాళ్ళనే పట్టుకుని పగడాలు పెరుగుతాయి. హవాయి దగ్గరి లోతుల్లో దొరికిన ఒక నల్ల పగడం వయసు 4,000 ఏళ్ళ పైమాటే, దాని కాండం ఏడాదికి వెంట్రుక మందం కూడా పెరగదు. లోహం కోసం పొర గీకేస్తూ పగడాన్ని మాత్రం ఉంచుతామంటే, గోడ కూల్చి దానిమీది బొమ్మ కాపాడతాం అన్నట్టే.

2025 ఏప్రిల్‌లో ట్రంప్ 50 నుంచి 200 మైళ్ళ మధ్య వాణిజ్య చేపల వేటకి అనుమతిచ్చాడు. ట్యూనా గాలాలు అడుగుదాకా పోవు కదా అనే వాదన ఉంది, అది నిజమే. కానీ చీకట్లో బతికే జీవులకి తిండి చాలావరకు పైనుంచి రాలిపడేదే, పైనంతా ఊడ్చేస్తే కిందికి ఏం రాలుతుంది? పైగా సరిగ్గా వారానికే సముద్రగర్భ ఖనిజాల తవ్వకాన్ని వేగం చేయమని ఇంకో ఉత్తర్వు వచ్చింది. రక్షిత ప్రాంతంలో తవ్వకంపై నిషేధాన్ని అది ఎత్తేయలేదు గానీ టెన్షన్ మాత్రం పెంచింది.

ఆగస్టులో హవాయిలోని ఫెడరల్ కోర్టు వేటని ఆపింది. పగడాల వయసు చూసి కాదు, నిబంధనల్ని పద్ధతి ప్రకారం మార్చకుండా ప్రభుత్వం ఒక్క లేఖతో వేటకి దారి తెరిచారని.