బాక్సర్ లాస్లో పాప్: అపోహలు - వాస్తవాలు

"వీడికి ఇరవై దాటాయి సార్. ఇంకా ఈ అమెచ్యూర్ గొడవ ఎందుకు, ప్రోలో దించేద్దాం." బాక్సింగ్ నేర్పే మా దగ్గర అడ్మిషన్ల సీజన్‌లో నాకు రోజూ వినపడే మాట ఇది. అమెచ్యూర్ అంటే పతకాల కోసం ఆడేది, ప్రో అంటే డబ్బుకి ఆడేది. ఆ తండ్రుల కంగారు అర్థమవుతుంది: ఇంట్లో డబ్బు కరిగిపోతోంది, కొడుకు వయసు ఆగదు. నా చిరాకంతా వీళ్లకి ఆ మాట నూరిపోసే యూట్యూబ్ పండితుల మీదే.

అపోహ: అమెచ్యూర్ పిల్లలాట. ప్రోలోకి ఆలస్యంగా వెళ్తే పని అయిపోయినట్టే.

హంగరీ రాజధాని బుడాపెస్ట్ కుర్రాడు లాస్లో పాప్ 1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మూడింట్లోనూ గోల్డ్ కొట్టాడు. అంతకుముందు ఏ బాక్సరూ మూడు కొట్టలేదు. ఒలింపిక్స్‌కి హెడ్‌గార్డ్ వచ్చింది 1984లో, అంటే ఆ దెబ్బలన్నీ ఉత్త తలకే. మెల్‌బోర్న్ ఫైనల్లో అతని చేతిలో ఓడిన అమెరికన్ హోసే టోరెస్ 1965లో లైట్ హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇది పిల్లలాటా?

పాప్ ప్రో అయ్యేసరికి 1957. వయసు 31. కమ్యూనిస్టు హంగరీలో ప్రో బాక్సింగ్ కుదరదు. ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే పక్కనున్న ఆస్ట్రియాలోని వియన్నా వెళ్లి సాధన చేశాడు. 29 బౌట్లలో 27 గెలుపులు, 2 డ్రాలు, ఓటమి లేదు. 1962లో, 36 ఏళ్ల వయసులో, క్రిస్ క్రిస్టెన్సెన్‌ని ఓడించి యూరోపియన్ మిడిల్‌వెయిట్ టైటిల్ పట్టాడు.

అలాగని ముప్పై దాకా కూర్చోమని కాదు. అతను ఆగలేదు, వ్యవస్థ ఆపింది. కానీ ఆ ఏళ్లలో వంటబట్టిన దూరం, కాళ్లు, డిఫెన్స్ పదిహేను రౌండ్ల బౌట్లలోనూ నిలబెట్టాయి. నాకు తెలిసిన ఓ కుర్రాడు స్టేట్ లెవెల్లో నాలుగు బౌట్లు ఆడి ప్రోకి వెళ్లాడు. నాలుగో రౌండ్‌కి ముందుచెయ్యి గడ్డం దగ్గర నుంచి ఛాతీకి జారింది, ఆ తర్వాత మళ్లీ లేవలేదు. రింగ్ కింద వాళ్ల నాన్న టవల్ నలుపుతూ నిలబడ్డాడు. దమ్ము లేక కాదు, అలవాటు కాకముందే దించేశారు.

అపోహ: పాప్ భయపడి ప్రపంచ టైటిల్‌కి పోలేదు.

ఈ మాట అనేవాళ్లు ఒక్క తేదీ చూసినా చాలు. 1964 అక్టోబర్‌లో వియన్నాలో మిక్ లేహీని ఓడించాడు. అప్పటి మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ జోయీ జియార్డెల్లోతో టైటిల్ బౌట్ ఊరిస్తుండగా ప్రభుత్వం అనుమతి వెనక్కి తీసుకుంది. అంతటితో కెరీర్ ముగిసింది.

మిగతావి గబగబా. మూడు గోల్డ్‌లు అతనొక్కడివే కావు. క్యూబా వాళ్లు స్టీవెన్సన్, సావోన్ కూడా కొట్టారు, ఆ ఇద్దరూ ప్రోకే పోలేదు. సులువని తక్కువ వెయిట్‌కి దిగాడనేదీ తప్పే. 1948లో ఆడిన మిడిల్‌వెయిట్ హద్దు 73 కిలోలు, తర్వాతి రెండుసార్లు ఆడిన 71 కిలోల కేటగిరీ ఒలింపిక్స్‌కి వచ్చిందే 1952లో.

పాప్‌వి ఇనుప పిడికిళ్లు అన్నది మరీ నవ్వొచ్చే మాట. ఆయన్ని కెరీర్ పొడుగునా వేధించినవి చేతి గాయాలే. ఎముక గట్టిపడుతుందని ఉత్త చేత్తో బ్యాగ్ కొట్టే పిల్లలు నా దగ్గరకి వాచిన వేళ్లతో వస్తారు. బ్యాండేజ్ మణికట్టు దగ్గర నుంచి మొదలుపెట్టి, వేళ్ల సందుల్లోంచి తిప్పి, పిడికిలి బిగించి చూసుకోండి. వాపు రెండు రోజుల్లో తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి, అప్పటిదాకా గ్లవ్స్ ముట్టుకోనివ్వకండి.