చీకటి కథలపై పాత తగవు: టీనేజ్ నవలల్లో గాయం, కోలుకోవడం

టీనేజ్ పాఠకుల నవలల్లో అత్యాచారం, ఆత్మహత్య, ఇంట్లో హింస ఉండొచ్చా? అమెరికాలో ఈ తగవు తరానికోసారి లేస్తూనే ఉంది. 1967లో 'ది అవుట్‌సైడర్స్' వెలువడేనాటికి దాని రచయిత్రి ఎస్.ఇ. హింటన్ వయసు 18. ముఠా తగాదాలు, చావులు ఉన్నాయంటూ కొన్ని బడులు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టాయి. 1971 నాటి 'గో ఆస్క్ ఆలిస్' దారి వేరు. మత్తుమందులకు చిక్కి చనిపోయిన ఓ అమ్మాయి డైరీ అని చెప్పి అమ్మారు. కాపీరైట్ రికార్డుల్లో మాత్రం బియాట్రిస్ స్పార్క్స్ అనే పెద్దావిడ పేరుంది. భయపెట్టి బుద్ధి చెప్పే ఆ పద్ధతిలో కోలుకోవడానికి చోటు లేదు.

ఆ చోటు రావడానికి వైద్యం కూడా కారణం. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, ఘోరమైన అనుభవం తర్వాత మనసును వెంటాడే బాధ అయిన పీటీఎస్‌డీని రుగ్మతల జాబితాలో చేర్చింది. 1992లో మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించింది: ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆపైన మళ్లీ మనుషుల్లో కలవడం. 1999లో వచ్చిన లారీ హాల్స్ ఆండర్సన్ నవల 'స్పీక్'లో అత్యాచారం తర్వాత మాట దాదాపు మానేసిన తొమ్మిదో తరగతి అమ్మాయే కథ చెబుతుంది. అసలేం జరిగిందో పాఠకుడికి పూర్తిగా తెలిసేసరికి చాలా పేజీలు గడిచిపోతాయి. ఆ జాప్యం ఉత్కంఠ కోసం పెట్టిన ఎత్తు కాదు, గాయపడిన జ్ఞాపకం బయటికొచ్చే తీరే అది.

2011లో వాల్‌స్ట్రీట్ జర్నల్ వ్యాసమొకటి ఈ నవలలు మరీ చీకటిగా ఉన్నాయంది. ఇవే తమను నిలబెట్టాయని వేలమంది పాఠకులు బదులిచ్చారు. ఇరువైపులా అడగాల్సిన ప్రశ్న తప్పిపోయింది: చీకటి ఎంతుందని కాదు, దాన్ని ఎలా చూపారని. 2017లో ఓ టీనేజ్ నవల ఆధారంగా వచ్చిన 'థర్టీన్ రీజన్స్ వై' సిరీస్ ఆ ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఆత్మహత్య పద్ధతిని చూపిన దాదాపు మూడు నిమిషాల దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ 2019లో తొలగించింది. పద్ధతిని వర్ణిస్తే అనుకరణ ముప్పు పెరుగుతుందన్న ఆలోచన కొత్తది కాదు. 1974లోనే సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ అలాంటి అనుకరణకు, గోథే నవలలో ఆత్మహత్య చేసుకునే నాయకుడి పేరిట, 'వెర్తర్ ప్రభావం' అని పేరు పెట్టారు. సంక్షోభాన్ని దాటి బతికినవారి కథలకు రక్షించే గుణం ఉండొచ్చని 2010లో వియన్నా పరిశోధకులు సూచించారు.

కలవరపెట్టే విషయాలున్నాయని పుస్తకం ముందుండే హెచ్చరికలు కవచాలేమీ కావు. వాటివల్ల బాధ తగ్గడం లేదని, చదవకముందే ఆందోళన కాస్త పెరుగుతోందని 2023 నాటి సమగ్ర విశ్లేషణ తేల్చింది. ఎప్పుడు చదవాలో ఎంచుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

తరచూ జరిగే పొరపాటు, అర్ధరాత్రి ఒంటరిగా చదువుతూ అతి బరువైన అధ్యాయం దగ్గర ఆపేయడం. కోలుకునే భాగం సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది కాబట్టి పాఠకుడికి గాయం ఒక్కటే మిగులుతుంది. పగటిపూట మొదలుపెట్టి, ఆ అధ్యాయం దాటాక మరో నాలుగు పేజీలు చదివి ఆపడం నయం. ముగింపు ముందే చూసుకున్నా తప్పులేదు. నిద్ర పట్టకపోయినా, మొద్దుబారినట్టున్నా, దృశ్యాలు వద్దన్నా గుర్తొస్తున్నా పుస్తకం మూసి, నమ్మకమున్న మనిషితో మాట్లాడాలి.