పాత డొమైన్ తలుపు తీసే ఉంచండి

రాజాం,
విజయనగరం జిల్లా.

చిరంజీవులకు ఆశీస్సులు.

పొందూరు ఖద్దరు అమ్మే మీ సైటుకి కొత్త డొమైన్ కొన్నామని, వచ్చే వారమే మార్చేస్తామని రాశారు. అంత బేగి వద్దు. ఫైళ్లు మార్చడం ఒక పూట పనే. గూగుల్‌లో ఇన్నాళ్లుగా వచ్చిన స్థానం పోకుండా మార్చాలంటే మాత్రం ముందునుంచీ సిద్ధపడాలి. పైగా గాంధీ జయంతి, దసరా, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఒకదాని వెనక ఒకటి వచ్చే రోజులు మీకు గిరాకీ కాలం. మార్పు పెట్టుకుంటే పండగలన్నీ అయ్యాక, బేరాలు పల్చగా ఉన్న వారంలో పెట్టుకోండి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మా రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది కాబట్టి జనానికి తికమక లేదు. సెర్చ్ ఇంజిన్ సంగతి వేరు. అది పేజీని గుర్తుపట్టేది చిరునామాతోనే. డొమైన్‌లో ఒక్క అక్షరం మారినా దాని లెక్కలో అది వేరే పేజీ. మిగతా సైట్లు మీకు ఇచ్చిన లింకుల విలువంతా పాత చిరునామా ఖాతాలోనే ఉంటుంది. దాన్ని కొత్త చిరునామాకి చేర్చేది 301 రీడైరెక్ట్, అంటే పాత చిరునామాకి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి తిప్పే ఆదేశం. 302 పెడితే తాత్కాలికమని అర్థం, గూగుల్ పాత చిరునామానే ఫలితాల్లో పట్టుకుని కూర్చోవచ్చు. హోస్టింగ్ ప్యానెల్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, చూసి నొక్కండి.

అన్నిటికన్నా ముందు కొత్త డొమైన్ పూర్వచరిత్ర చూడండి. అదివరకు ఎవరైనా వాడి వదిలేసిందైతే పాత వెబ్‌పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో తెలుస్తుంది. సైటు యజమానులకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో చేర్చి, దాని మీద మాన్యువల్ యాక్షన్ (గూగుల్ వేసిన శిక్ష) ఏదైనా ఉందేమో కూడా చూడండి.

ఇక అసలు పని పట్టీ రాయడం. ఒక వరసలో పాత చిరునామా, పక్క వరసలో అదే సరుకు ఉన్న కొత్త చిరునామా. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) ఒక్కదాన్నే నమ్ముకోకండి. సెర్చ్ కన్సోల్‌లో క్లిక్కులు వచ్చిన పేజీలు, బయటి లింకులున్న పేజీలు, సర్వర్ లాగ్‌లో కనిపించినవి కూడా కలపండి, బొమ్మల ఫైళ్లతో సహా. ఓపిక లేక అన్నిటినీ కొత్త హోమ్ పేజీకి తిప్పేస్తారు చాలామంది. పంచెల పేజీ కోసం వచ్చినవాడికి హోమ్ పేజీ చూపిస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టుగా లెక్కేయవచ్చు, ఆ పేజీ సంపాదించుకున్నది పోతుంది. సాటి పేజీ నిజంగా లేకపోతే ‘పేజీ లేదు’ అని చెప్పే 404 ఇవ్వడమే నయం.

చిరునామాల్లో తెలుగు పేర్లు పెట్టారు, మంచి పనే, కానీ అక్కడే ఎక్కువ జారతారు. అక్షరాలని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిసి మూడు గుర్తులవుతుంది. ‘ఖద్దరు’లో ఖ, ద, పొల్లు, ద, ర, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు, అంటే 54 గుర్తులు. అపాచీ సర్వర్‌లో రీడైరెక్ట్ రాసే రీరైట్ నియమం చిరునామాని మళ్లీ అక్షరాలుగా విప్పిన తరవాత పోలుస్తుంది కాబట్టి, శాతం గుర్తుల రూపాన్ని నియమంలో ఎడమవైపు (పాత చిరునామా వైపు) అతికిస్తే అది ఎప్పటికీ కలవదు. కుడివైపు అతికిస్తే శాతం గుర్తు మళ్లీ ఎన్‌కోడ్ అయి చిరునామా పాడవుతుంది. రెండు వైపులా తెలుగులోనే రాయండి, కుడివైపుది అపాచీయే ఎన్‌కోడ్ చేసుకుంటుంది. ఇలాంటి పేజీలు ఇరవై ఎంచి, మార్చిన రోజే చేత్తో నొక్కి చూడండి.

రీడైరెక్ట్ ఒక్క గెంతులో చేరాలి. పాత హెచ్‌టీటీపీ నుంచి పాత హెచ్‌టీటీపీఎస్, అక్కడినుంచి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, ఆపైన కొత్త డొమైన్, ఇలా గొలుసు కట్టొద్దు. కొత్త సైటులో లోపలి లింకులు, కానానికల్ (అసలు పేజీ ఏదో చెప్పే ట్యాగ్), సైట్‌మ్యాప్ అన్నీ కొత్త చిరునామాలకే ఉండాలి. పరీక్ష సమయంలో పెట్టిన నోఇండెక్స్ (ఫలితాల్లో చూపొద్దనే గుర్తు) తీయడం మరిచిపోతే మిగతా కష్టమంతా వృథా. బాట్లు ఎక్కడికి రావొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో పాత డొమైన్‌కి అడ్డు పెట్టకండి, గూగుల్ తరఫున పేజీలు చదివే గూగుల్‌బాట్ లోపలికి రాలేకపోతే రీడైరెక్ట్‌ని చూడనే చూడదు.

301లు పనిచేస్తున్నాయని తేలాకే సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు సాధనం వాడండి. రెండు డొమైన్లూ ఒకే ఖాతాలో ధ్రువీకరించి ఉండాలి. పాతదాన్ని డొమైన్ సెట్టింగుల్లో పెట్టే డీఎన్‌ఎస్ టీఎక్స్‌టీ రికార్డుతో ధ్రువీకరించండి, ఫైల్‌తో చేస్తే ఆ ఫైల్ కూడా కొత్త డొమైన్‌కి తిరిగిపోయి ధ్రువీకరణ ఊడే ప్రమాదం ఉంది. ఆ సాధనం ప్రభావం 180 రోజులు. రీడైరెక్ట్‌లు మాత్రం కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నన్నడిగితే డొమైన్ మీ చేతిలో ఉన్నన్నాళ్లూ ఉంచండి. పాత డొమైన్ రెన్యువల్ మానేస్తే ఎవరో కొనుక్కుంటారు, మీ పేరు మీద వచ్చిన లింకులన్నీ వాళ్లకి పోతాయి. పాత డొమైన్ హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ కూడా గడువు దాటనివ్వకండి. అది చెల్లకపోతే రీడైరెక్ట్ కన్నా ముందు బ్రౌజర్ హెచ్చరికే కనిపిస్తుంది. పాత ఈమెయిల్ చిరునామాలకి ఆర్డర్లు వస్తుంటాయి కాబట్టి మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు కదపకండి.

మొదటి కొన్ని వారాలు స్థానాలు కిందికీ పైకీ ఊగుతాయి. కంగారుపడి వెనక్కి తిప్పకండి. అదే వారంలో డిజైన్, పేజీల పేర్లు, రాతలు కూడా మార్చేస్తే, పడిపోయినప్పుడు ఏది కారణమో ఎవరూ చెప్పలేరు. కొత్త డిజైన్ రెండు నెలలు ఆగగలదు. సెర్చ్ కన్సోల్‌లో రోజూ 404ల జాబితా చూసి, పట్టీలో తప్పినవి ఏ రోజుకారోజు చేర్చుకోండి.

పట్టీ పూర్తయ్యాక 301 పెట్టే ముందు నాకొకసారి పంపండి. తెలుగు పేర్ల వరస నేను కూడా సరిచూస్తాను.

మీ
తాతయ్య