మాక్‌బెత్ పాఠం: అపోహలు, వాస్తవాలు

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిలబడి అడుగుతారు: "సార్, షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నాటకం టెక్స్ట్ చదవాలా? సమ్మరీ చాలదా?" గైడ్లు అమ్మేవాళ్లూ సీనియర్లూ కలిసి పుట్టించిన పుకారిది. ఎక్కువ మార్కులు పోయేది కూడా దీనివల్లే, కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: నాటకమంటే కథే. కథ తెలిస్తే చాలు.

పేపర్లు దిద్దుతుంటే కుప్పలుగా కనిపించే వాక్యం ఒకటుంది: "రెండో అంకంలో మాక్‌బెత్ స్టేజి మీద రాజు డంకన్‌ని పొడిచి చంపుతాడు." చంపే మాట నిజమే, స్టేజి మీద మాత్రం కాదు. హత్య లోపలెక్కడో జరిగిపోతుంది. బయట అతని భార్య లేడీ మాక్‌బెత్ ఒక్కతే చెవులు రిక్కించుకుని ఉంటుంది. అతను నెత్తుటి చేతులతో వస్తాడు. అప్పుడు వాళ్ల మాటలు, తెలుగులో చెప్పాలంటే, ఇలా సాగుతాయి:

"నువ్వేమైనా అన్నావా?"
"ఎప్పుడు?"
"ఇప్పుడే."
"నేను దిగుతున్నప్పుడా?"
"ఊఁ."

ఇంగ్లీషులోనూ ఇంత పొట్టి మాటలే. వీటికి గైడెందుకు? గైడులో అసలీ మాటలే ఉండవు, "దంపతులు ఆందోళన చెందారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాంటెక్స్ట్ ప్రశ్నలో ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారని అడిగితే ఇక చేతులెత్తేయడమే.

నేను ఈ సీన్‌కి ఇద్దరిని లేపి చదివిస్తాను. ఒక ఏడాది, "నాకు ఇంగ్లీషు రాదు సార్" అంటూ వెనక బెంచీలో నక్కే తెలుగు మీడియం అమ్మాయిని లేపాను. మాక్‌బెత్ మాటలు తనవి. "ఎప్పుడు?" అనే ముందు ఆ పిల్ల ఠక్కున వెనక్కి తిరిగి చూసింది. అలా చూడమని పుస్తకంలో లేదు, నేనూ చెప్పలేదు. ఆ సీన్ తనకి అర్థమైందని చెప్పడానికి ఇంకేం కావాలి? ఇంగ్లీషంటే టెన్షన్ పడేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే: ముందు పైకి చదవండి, నోట్స్ తర్వాత.

తర్వాత తలుపు చప్పుడు, తాగిన కాపలావాడి వాగుడు. "కామెడీ కదా సార్, వదిలేయొచ్చా?" అంటారు. వదలకండి. ఈ తలుపు చప్పుడు మీదే డి క్విన్సీ అనే ఇంగ్లీషు రచయిత 1823లో ఒక వ్యాసం రాశాడు. నా దృష్టిలో ఇంకో సంగతి కూడా ఉంది. హత్య చేసి వెళ్లిన నటుడు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని మళ్లీ రావాలి కదా, ఆ వ్యవధి ఎక్కడిది? ఆ తాగుబోతు ఇచ్చిందే.

అపోహ: అప్పటి థియేటరంటే చీకటి హాలు, లైట్లు, సెట్టింగులు.

షేక్‌స్పియర్ బృందం నాటకాలాడిన లండన్ థియేటర్ గ్లోబ్ 1599లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున కట్టింది. మధ్యలో పైకప్పు లేదు, ఆటలు మధ్యాహ్నం పూట. ఒక పెన్నీ ఇస్తే నిలబడి చూడొచ్చు. పట్టపగలు రాత్రిని తెచ్చేది నటుడి నోరూ, చేతిలో దివిటీనే. మాక్‌బెత్ తోటి సేనాని బాంకో తన కొడుకుని "రాత్రి ఎంతయిందిరా?" అనడుగుతాడు. వాడు చంద్రుడు అస్తమించాడనీ గంట మాత్రం తనకి వినపడలేదనీ అంటాడు. సమ్మరీ రాసేవాడికి ఇది పనికిరాని సంభాషణ, కానీ ఎదురుగా నిలబడ్డ జనానికి అర్ధరాత్రయింది ఈ మాటలతోనే. అయిదో అంకంలో నిద్రలో నడిచే లేడీ మాక్‌బెత్ చేతిలో కొవ్వొత్తి ఎందుకుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మిగతావి గబగబా. లేడీ మాక్‌బెత్ వేషం కుర్రవాడు వేసేవాడంటే క్లాసులో నవ్వుతారు. మన స్థానం నరసింహారావు వేసిన సత్యభామ వేషం గురించి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. షేక్‌స్పియర్‌ది "ఓల్డ్ ఇంగ్లీష్" కాదు. ఆ పేరు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందటి భాషది. మాక్‌బెత్ లోపం అత్యాశ అని ఒక్క వాక్యం రాసి ఎస్సే ముగించకండి. మొదటి అంకం చివర్లో "ఈ పని ఇంతటితో ఆపేద్దాం" అని భార్యతో అన్నది కూడా అతనే, దానికీ జవాబు రాయాలి.

ఇక ఈ నాటకాలు షేక్‌స్పియర్ రాయలేదనే వీడియోలు. 1623లో ఆయన నాటకాలను ఫోలియోగా, అంటే పెద్ద సైజు పుస్తకంగా, తెచ్చింది ఆయనతో కలిసి నటించిన హెమింజ్, కాండెల్. వాళ్లకి తెలియనిది యూట్యూబ్‌కి తెలుసా? పరీక్ష ముందు రోజు నాకు అలాంటి లింకులు పంపకండి, దయచేసి.